ఆగస్టు అతిథులు

విదేశాలకు వెళ్లిన మిషనరీకి జీతం ఎవరిస్తారని అడిగితే మన సంఘాల్లో చాలామంది, ఏదో పెద్ద సంస్థ ఇస్తుందిలే అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అమెరికా వచ్చాకే తెలిసింది, ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లలో చాలామంది తమ జీతం తామే పోగుచేసుకోవాలని. భార్యాభర్తలు పిల్లల్ని వెంటబెట్టుకుని ఊరూరా సంఘాలు తిరుగుతారు. ఒకరు నెలకు 50 డాలర్లు, ఒకరు 100, ఒక సంఘం 300 ఇస్తామని మాటిస్తారు. ఆ మాటలన్నీ కూడి బడ్జెట్టుకు సరిపోతేనే సంస్థ వాళ్లను విమానం ఎక్కనిస్తుంది. 1865లో చైనా ఇన్‌లాండ్ మిషన్ పెట్టిన హడ్సన్ టేలర్, డబ్బు కోసం మనుషుల ముందు చెయ్యి చాచకూడదు, దేవుణ్ణే అడగాలి అని నియమం పెట్టుకున్నాడు. 1895లో మొదలైన ఆఫ్రికా ఇన్‌లాండ్ మిషన్ కూడా ఆ దారినే నడిచింది. ఇప్పుడు అడగడాన్ని తప్పుపట్టేవాళ్లు తక్కువే గానీ, రేపటి జీతానికి భరోసా లేకపోవడం మాత్రం అలాగే ఉంది. ఇచ్చే పెద్దాయన రిటైరైనా, ఒక ముసలావిడ కన్నుమూసినా, ఒక సంఘంలో పాస్టరు మారినా, ఎక్కడో కెన్యాలో ఒక ఇంటి నెల లెక్క తప్పుతుంది.

ఈ లెక్క నాకు బాగా తెలుసు. టెక్సాస్‌లో మేం వెళ్లే సంఘంలో మిషన్స్ కమిటీ సభ్యుణ్ణి. సంఘం అమెరికన్లది, తెలుగు ఆరాధన మా ఇంటికి చాలా దూరం కాబట్టి పిల్లలు పుట్టినప్పటి నుంచి ఇక్కడే కుదురుకున్నాం. హాలు గోడ మీద ప్రపంచ పటం, దాని చుట్టూ మేం సపోర్టు చేసే కుటుంబాల ఫొటోలు, ఫొటోల నుంచి దేశాలకు ఎర్రదారాలు. కెన్యాలో ఉన్నవాళ్లను ఒకసారి వెళ్లి చూసి, ప్రోత్సహించి రావాలని కమిటీ తీర్మానించింది. నేను ప్రాజెక్టు మేనేజరుని కాబట్టి నాయకత్వం నా నెత్తిన పెట్టారు. నిజం చెప్పాలంటే పెట్టించుకున్నాను. ఒంగోలు దగ్గర మిషన్ హాస్టల్లో చదువుకున్న కుర్రాడు అమెరికన్ బృందానికి నాయకుడై ఆఫ్రికా వెళ్తున్నాడని మా అక్కయ్య ఊళ్లో అందరికీ చెప్పుకుంది.

తేదీల దగ్గరే మొదటి తప్పు చేశాను. టెక్సాస్‌లో బడులు ఆగస్టు మధ్యలో తెరుస్తారు. కుటుంబాలతో కలిసి వెళ్లాలంటే జులై చివర బయల్దేరి బడి తెరిచేలోగా వచ్చెయ్యాలి. అవతల, కెన్యాలోని మిషనరీల పిల్లలు చాలామంది కిజాబెలో రిఫ్ట్ వ్యాలీ అకాడమీ అనే బోర్డింగు స్కూల్లో చదువుతారు. 1906లో పెట్టిన స్కూలది. మన ప్రాంతంలో పనిచేసిన దొరల పిల్లలు కొడైకెనాల్ వెళ్లేవాళ్లు; అక్కడి స్కూలు దీనికి ఐదేళ్లు ముందు, 1901లో మొదలైంది. కిజాబెలో మూణ్ణెల్లు చదువు, నెల సెలవు. ఆ సెలవు నెలలు ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు. అంటే తల్లిదండ్రులు పనిచేసే మారుమూల ఊరికి పిల్లలు వచ్చేది ఏడాదిలో మూడు నెలలు. అందులో ఒక నెల మొదటివారంలో మేం డజను మందిమి దిగబోతున్నాం.

మేం దిగబోయే కుటుంబానికి, ఈ తేదీలు మీకు అనుకూలమేనా అని ముందే మెయిల్ రాశాను. ఆ తల్లి దగ్గర నుంచి జవాబు వచ్చింది: తప్పకుండా రండి, అప్పటికి పిల్లలు కూడా ఇంట్లో ఉంటారు. రెండో ముక్కను నేను శుభవార్తగా చదువుకున్నాను. కాస్త ఆగి చదివితే ఆవిడ ఏం చెబుతోందో అర్థమయ్యేది. నెలనెలా చెక్కు పంపే సంఘానికి 'ఇప్పుడు వద్దు' అని రాయగల మిషనరీ ఎవరూ ఉండరు.

మీకేం తెమ్మంటారు అని కూడా అడిగాను. ఆవిడ పంపిన జాబితా చిన్నది. చాక్లెట్ చిప్స్, పిల్లవాడి బూట్లు, దగ్గు మందు, ఒక రకం ప్రెషర్ కుక్కర్ వాషర్. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండేసి ఉన్నా మేం వాటిని తోలుబొమ్మలతో, రంగుల డబ్బాలతో, బృందమంతా వేసుకోవాలని అచ్చువేయించిన నారింజరంగు టీషర్టులతో నింపాం. అన్నీ జిప్‌లాక్ సంచుల్లో సర్దాం. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉందని విమానంలో ఎవరో చెబితే, నైరోబీ విమానాశ్రయం మరుగుదొడ్లలో నిలబడి సంచులు విప్పాం. వాషరు మరిచిపోయాం.

నైరోబీలో నా సంగతి వేరుగా ఉండేది. తెల్లవాళ్లను చూసి మిషన్ వాళ్లనుకునేవారు. నన్ను చూసి 'ముహిందీ' (భారతీయుడు) అని, ఏ దుకాణం మీది అని అడిగేవారు. ఈ దేశంలో మనవాళ్ల చరిత్ర పెద్దదే. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు రైలు దారి వేయడానికి బ్రిటిష్ వాళ్లు భారతదేశం నుంచి దాదాపు 32,000 మంది కూలీలను దించారు. వాళ్లలో 2,500 మంది దాకా చనిపోయారు. ఆ పట్టాలు కిజాబె మీదుగానే పోతాయి. చపాతీ, సమోసా, చాయ్ అక్కడి వాళ్లకు సొంత తిండి అయిపోయాయి. 2017లో ప్రభుత్వం భారత సంతతి వాళ్లను దేశంలో 44వ తెగగా గుర్తించింది. నారింజరంగు టీషర్టు వేసుకున్న ముహిందీ ఏ కోవకు వస్తాడో తెలియక టీ కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. నాకూ తెలియలేదు.

కిజాబె కొండ అంచున ఉంటుంది, ఏడు వేల అడుగులు దాటిన ఎత్తు. జులై చివర అక్కడ పొగమంచు, చలి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని వచ్చినవాళ్లు వణికిపోయారు. కింద రిఫ్ట్ లోయ, లోయలో లోంగోనోట్ అగ్నిపర్వతం. ఆసుపత్రిలో పనిచేసే డాక్టరు గారింట్లో ఒక రాత్రి ఉన్నాం. ఆయనకు ఆపరేషన్లుండి మాతో కూర్చునే తీరిక దొరకలేదు. అందుకే ఆ సందర్శనం బాగా జరిగింది.

ఆపైన ఉత్తరానికి. నాన్యుకి దగ్గర భూమధ్యరేఖ బోర్డు పక్కన ఫొటోలు, ఇసియోలో దాటాక చెట్లు తుప్పలయ్యాయి, తుప్పలు రాళ్లయ్యాయి. మార్సాబిట్ వైపు, తారు రోడ్డు వదిలి దుమ్ములో చాలాసేపు పోతే ఆ కుటుంబం ఉండే ఊరు. స్థానిక సంఘంతో కలిసి ఆయన బావులు, నీళ్ల ట్యాంకుల పని చూస్తాడు. ఆవిడ ఆడవాళ్లకు చదవడం, రాయడం నేర్పుతుంది. ముగ్గురు పిల్లలు, పెద్దవాళ్లిద్దరూ కిజాబె నుంచి నాలుగు రోజుల కిందటే వచ్చారు. పెట్టెలింకా విప్పలేదు. విప్పడానికి చోటు లేదు, వాళ్ల గదులు మాకిచ్చారు. పదమూడేళ్ల పిల్ల సామాన్ల కొట్లో బియ్యం బస్తాల పక్కన పరుపు వేసుకుంది.

బల్ల మీద పన్నెండు మందికీ ఒకే రకం పళ్లేలు, కప్పులు. మా ఆవిడ వాటిని తిరగేసి చూసింది. "ఏవండీ, ఇవి వీళ్లవి కావు. నా పెళ్లిచూపులకు మా అమ్మ కూడా పక్కింటి కప్పులే తెచ్చింది" అంది మెల్లగా. నిజమే. మూడు గంటల దూరంలో ఉన్న ఇంకో మిషనరీ ఇంటి నుంచి తెచ్చారట. నవ్వుకుని ఊరుకున్నాను.

నా కార్యక్రమ పట్టిక గంటల లెక్కన ఉండేది. ఉదయం ధ్యానం, తర్వాత పిల్లలకు తోలుబొమ్మలాట, మధ్యాహ్నం బడి గోడకు రంగులు, సాయంత్రం సాక్ష్యాలు. ఆ దంపతులు ప్రతిచోటా మాకు అనువాదకులుగా, డ్రైవర్లుగా, వంటవాళ్లుగా తిరిగారు. మేం వేసిన రంగు మీద ఊరి కుర్రాళ్లు తర్వాత మళ్లీ వేసుకోవలసి వచ్చిందని చాలా నెలలకు తెలిసింది. ఒకరోజు ఆ పదమూడేళ్ల పిల్ల నా దగ్గరికొచ్చి, "మీరు ఏ రోజు వెళ్తారు?" అని అడిగింది. మేం వెళ్లిపోతామని బెంగ పెట్టుకుందనుకుని, తల నిమిరి, ఇంకా చాలా రోజులున్నాంలే అన్నాను.

స్థానిక సంఘం పాస్టరు గారిని అందరి ముందూ అడిగాను: ఈ ఏడాది ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు? కమిటీకి ఇవ్వాల్సిన నివేదికలో ఆ గడి ఖాళీగా ఉంది మరి. ఆయన మర్యాదగానే అడిగారు, "మీ ఊళ్లో ఎంతమంది తీసుకున్నారు?" అని. మా సంఘం లెక్క నాకు తెలియదు. తెలియదన్నాను. ఆయన తలూపి టీ పోశారు. ఆ ఇంటాయన మాత్రం పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఇవన్నీ మొరటు పనులే గానీ, మేం వచ్చేస్తే తీరిపోయేవి. తీరనిది తర్వాత చేశాను.

తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో స్లైడులు చూపించాను. వందకు పైగా ఫొటోల్లోంచి బాగున్నవి ఏరాను. ఒకదాంట్లో ఉదయపు ఫలహారం బల్ల: మామిడిపండ్లు, బొప్పాయి ముక్కలు, పాన్‌కేకులు, అరువు పళ్లేలు. ఇంకోదాంట్లో ఇంటి ముందు ల్యాండ్ క్రూజరు, దాని పక్కన బట్టలు ఉతుకుతున్న పనమ్మాయి, గేటు దగ్గర కాపలా మనిషి. కింద నేనే ఒక వాక్యం రాశాను, ఇంత ఎడారిలోనూ దేవుడు వారికి ఏ కొరతా రానివ్వలేదు అని. హాల్లో ఆమెన్లు వినిపించాయి.

వెనక వరసలో కూర్చునే ఒక పెద్దాయన, రిటైర్డ్ ఇంజనీరు, ఆ కుటుంబానికి సొంతంగా నెలకు 200 డాలర్లు పంపేవాడు. ఆరాధన అయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి, "మా ఇంట్లో పనిమనిషి లేదు, మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. పై నెల నుంచి ఆయన పంపడం మానేశాడు. ఆయన మాట విని ఇంకో ఇద్దరు తగ్గించుకున్నారు.

ఆయనకు ఏం చెప్పాలో అప్పుడు నాకు తెలియదు, తెలుసుకుని రాలేదు. కెన్యాలో పనిమనిషిని పెట్టుకోవడం దొరతనం కాదు; అక్కడి మధ్యతరగతి ఇళ్లలో కూడా మామూలే. పైగా జీతం వస్తున్న ఇల్లు ఊళ్లో ఒకరికి పని ఇవ్వకపోతే పిసినారితనం అనుకుంటారు. నీళ్లు మోసి, బియ్యంలో రాళ్లు ఏరి, బట్టలు చేత్తో ఉతికే చోట ఆ పనులన్నీ ఆవిడే చేసుకుంటే చదువు నేర్పేదెవరు? బండి సంస్థది, ఇరవై ఏళ్ల పాతది. మామిడిపండ్లు మా కోసం ఇసియోలో నుంచి తెప్పించారు. మేం వచ్చేశాక ఆ ఇంట్లో కొన్నాళ్లు చిక్కుళ్లూ, ఉగాలీ అనే మొక్కజొన్న ముద్దే. ఇవన్నీ ఆవిడ తర్వాత, నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది.

ఖర్చు సంగతీ చెప్పాలి, దాచడం భావ్యం కాదు. మా ప్రయాణం తలకు 3,000 డాలర్లు దాటింది. మా సంఘం ఆ కుటుంబానికి ఇచ్చేది ఏడాదికి 3,600. అంటే మాలో ఒక్కరు ఆగిపోతే దాదాపు ఒక ఏడాది సపోర్టు. 1998లో మిచ్ తుపాను తర్వాత హోండూరస్‌లో ఇళ్లు కట్టడానికి వెళ్లిన అమెరికన్ బృందాల మీద కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశోధన చేశాడు. స్థానిక క్రైస్తవ సంస్థ సుమారు 2,000 డాలర్లలో కట్టే ఇల్లు, బృందం ప్రయాణ ఖర్చు కలుపుకుంటే 30,000 దాకా పడిందట. వెళ్లొస్తే మనసు మారి ఎక్కువ కానుకలిస్తారన్న నమ్మకమూ ఆ లెక్కల్లో పెద్దగా నిలబడలేదు. మా విషయంలో అయితే కానుకలు తగ్గాయి.

మా అమ్మాయి ఒక మాట చెప్పింది, అదీ నేను ఆ పెద్దాయన్ని తిట్టుకుంటూ కూర్చున్న రోజున. "నాన్నా, వాళ్లమ్మ మనం రాకముందే ఐప్యాడ్ దాచెయ్యమందట. ఆ అమ్మాయి నాకు అక్కడే చెప్పింది." అక్కడే ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు టైంటేబుల్ చూసుకుంటున్నావు" అంది.

ఐప్యాడ్ మాట వినగానే హాస్టల్ గుర్తొచ్చింది. డెబ్బైల్లో మాకు అమెరికా నుంచి చందాదారులు వచ్చేవాళ్లు, కెమెరాలు మెళ్లో వేసుకుని. వాళ్లొచ్చే ముందురోజు వార్డెను గారు క్రిస్మస్‌కు కుట్టించిన కొత్త చొక్కాలు పెట్టెల్లో పెట్టి తాళం వేయించేవారు. పాతవి వేసుకుని వరసగా నిలబడి ఇంగ్లీషు పాట పాడేవాళ్లం. అన్నం బాగుందా అని అడిగితే బాగుందనాలి, ఇంకేమైనా కావాలా అంటే ప్రార్థన చేయండి అనాలి. ఒకావిడ నా చిరిగిన భుజాన్ని ఫొటో తీసింది. నాకు కోపం ఆవిడ మీద రాలేదు, చొక్కా మీద వచ్చింది. అబద్ధం ఆడుతున్నామని మాలో ఎవరికీ అనిపించేది కాదు. అది అతిథి మర్యాదలో భాగం అనుకునేవాళ్లం. ఇచ్చే చెయ్యి వచ్చి ఎదురుగా నిలబడితే పుచ్చుకునేవాడు ఉన్నదాన్ని తగ్గించైనా చూపిస్తాడు, లేనిదాన్ని అరువు తెచ్చైనా చూపిస్తాడు. ఆ మిషనరీ తల్లి రెండూ చేసింది. ఐప్యాడ్ దాచింది, పళ్లేలు తెచ్చింది. పేదగానూ కనపడాలి, మర్యాదా తక్కువ కాకూడదు. ఇంత కష్టమైన లెక్కలో ఆవిడ ఒకచోట పొరపడింది, మామిడిపండ్ల దగ్గర. దాన్ని నేను ఫొటో తీశాను.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య మాట్లాడారు. రెండేళ్లకు దోర్నకల్ బిషప్పు అయ్యారాయన. మీరు మా కోసం త్యాగం చేశారు, డబ్బిచ్చారు, ఇక స్నేహాన్నివ్వండి అన్న అర్థంలో ఆయన అన్న మాట అప్పట్లో దొరల్లో కొందరికి నచ్చలేదు. దాన్ని తెల్లవాళ్లకూ మనకూ మధ్య సంగతిగానే మనం ఇన్నాళ్లూ చదువుకున్నాం. జీతమిచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య అది ఎక్కడైనా అంతే. మార్సాబిట్ ఇంట్లో పుచ్చుకునే చేతులు తెల్లవి, ఇచ్చే చేతుల్లో నావీ ఉన్నాయి.

పెద్దాయన ఇంటికి వెళ్లాను, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, కాఫీ ఇచ్చాడు, సపోర్టు మాత్రం మళ్లీ మొదలుపెట్టలేదు. ఆయన తప్పనిపించలేదు నాకు. ఆయన చూసింది నేను చూపించిన ఫొటోనే. నేనూ మా ఆవిడా మాట్లాడుకుని ఆ 200 డాలర్లలో 150 మా ఇంటి నుంచి పంపడం మొదలుపెట్టాం, ఎవరికీ చెప్పకుండా, సంస్థ ద్వారా.

మిషన్స్ కమిటీలో ఈసారి ఫిబ్రవరిలో వెళ్దామన్నాను, పిల్లలు బడిలో ఉంటారు కాబట్టి. వాళ్ల ఇంట్లో ఉండొద్దు, టీషర్టులొద్దు, కార్యక్రమాలొద్దు, ఫొటోలు వాళ్లు ఒప్పుకున్నవే చూపిద్దాం అన్నాను. మరి వెళ్లి ఏం చేస్తామని అడిగారు. సరైన ప్రశ్నే. కావలసింది ఏమిటో వాళ్లనే అడుగుదామన్నాను. ఫిబ్రవరిలో చాలామందికి సెలవు దొరకలేదు. నేనూ మా ఆవిడా, ఒక రిటైర్డ్ నర్సూ వెళ్లాం. ఆ దంపతులు బండి బాగుచేయించడానికి నైరోబీ వచ్చే వారమే మేమూ చేరాం. గెస్ట్‌హౌసులో దిగాం. వాళ్లు అడిగినదల్లా ఒక్కటే, ఆ రెండ్రోజులు మూడో పిల్లవాణ్ణి ఎవరైనా చూసుకుంటే ఇద్దరూ కాసేపు ఎక్కడికైనా వెళ్లొస్తామని. నర్సు గారు చూసుకున్నారు. నేను వాషర్లు పట్టుకెళ్లాను.

చివరి సాయంత్రం పార్క్‌లాండ్స్‌లో దోసెలు తినడానికి వెళ్లాం. ఆవిడ బాగా మాట్లాడింది. పెద్దపిల్ల బోర్డింగులో రాత్రిళ్లు నిద్రపోవడం లేదని, ఈ ఏడాది తర్వాత ఉండాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నామని, నీళ్ల పనికంటే కమిటీలకు రాసే లేఖలకే ఎక్కువ పొద్దుపోతోందని. ఇంతకుముందు ఇవేవీ చెప్పలేదు. నాకు కొంచెం గర్వంగా అనిపించి, "ఇప్పుడైనా దాపరికం లేకుండా చెబుతున్నారు కదా?" అని అడిగాను.

ఆవిడ భర్త వైపు చూసి నవ్వింది. "ఆ 150 మీ ఇంటి నుంచే వస్తోందని మాకు తెలుసు. సంస్థ నుంచి వచ్చే జాబితాలో పేర్లుంటాయి" అంది. "అందుకే మీ దగ్గర ఇదివరకటికన్నా కాస్త ఎక్కువ జాగ్రత్తగానే ఉంటాం."

బిల్లు మేమిస్తామని ఆయన చెయ్యి చాచాడు. నా పర్సు అప్పటికే సగం బయటికొచ్చింది. లోపల పెట్టుకున్నాను.